ఒక్క వత్తి మోతాదు

మా ఇంట్లో ఎవరు తుమ్మినా మా అత్తయ్య మాణిక్యాంబ "చిరంజీవ" అంటుంది. వంటింట్లో ఉన్నా అంటుంది, స్నానాల గదిలోంచి కూడా అంటుంది. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్ఫై ఏళ్ళు ఆపరేటరుగా చేసిన మనిషి కదా, గంట మోగితే పలకకుండా ఉండలేదు. మా అమ్మాయి ఆమనికి తొమ్మిదో ఏడు వచ్చేసరికి ఆ చిరంజీవలు రోజుకు అరవై దాటాయి.

తుమ్ములతో ఆగితే బాగుండేది. తుమ్ముల వెనక దగ్గు, దగ్గు వెనక పిల్లికూతలు, ఆపైన నెబ్యులైజర్. పడుకుంటే ఊపిరి ఆడక పిల్ల గోడకు ఆనుకుని కూర్చుని నిద్రపోయేది. డాక్టర్ నస్రీన్ గారు జనవరిలో చివరి మాట చెప్పేశారు. "వేసవి సెలవులదాకా చూద్దాం. అప్పటికీ తగ్గకపోతే పాపని ఈ ఊరి గాలికి దూరంగా పెట్టాలి. ఎక్కడైనా కొండ ప్రాంతంలో హాస్టల్ చూసుకోండి."

హాస్టల్ అన్న మాట విన్న ఆమని ఇంటికొచ్చాక తన బొమ్మల పెట్టె తెచ్చి, ఏవి తీసుకెళ్ళాలో ఏవి వదిలెయ్యాలో రెండు కుప్పలు పోసింది. ఆ రెండు కుప్పలు చూసి నేను వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను.

ఇందులో నాకు ఇంకో సిగ్గు కూడా ఉంది. ఇళ్ళలో పెట్టుకునే ఏసీలకు గాలి వడకట్టే ఫిల్టర్లు తయారుచేయడం నా ఉద్యోగం. గుంటూరు ఆటోనగర్‌లో మా ప్రయోగశాల. పదకొండేళ్ళుగా ఊళ్ళోవాళ్ళ ముక్కులకు కాపలా కాస్తున్నదాన్ని, నా కూతురి ముక్కును కాపాడుకోలేకపోయాను. చుట్టుపక్కలవాళ్ళు "మన ఊరి మిరప ఘాటు అలాంటిది లెండి" అని ఓదార్చేవాళ్ళు. గుంటూరులో ఎవరికి తుమ్మొచ్చినా ముద్దాయి మిరపకాయే. నేను కూడా చాలాకాలం దాన్నే అనుమానించాను.

అప్పటికి మా ప్రయోగశాలలో ఒక కొత్త ఏసీ తయారై కూర్చుంది. దాని పేరు కాగితాల మీద ఏదో పొడుగ్గా ఉంటుంది గానీ మేమందరం 'ముక్కు' అనేవాళ్ళం. మా డైరెక్టర్ శేషగిరి గారి అనుమతి తీసుకుని, పరీక్షకని దాన్ని మా ఇంటి ముందు గదిలో బిగించాను. నిచ్చెన కింద నిలబడి ఆమని ప్రశ్నల మీద ప్రశ్నలు వేసింది.

"పాత ఏసీలో కూడా ఫిల్టర్ ఉంది కదమ్మా?"

"ఉంది. దానికి పెద్దా చిన్నా తప్ప ఇంకేం తెలీదు. పెద్ద నలుసుల్ని ఆపుతుంది, చిన్నవాటిని వదిలేస్తుంది."

"దీనికేం తెలుసు?"

చపాతీ పిండి ముద్ద తెప్పించి అందులో ఒక శనగ గింజ నొక్కి తీశాను. గుంట పడింది. "ఇప్పుడీ గుంటలో శనగ గింజే పడుతుంది, కందిగింజ నిలవదు. ఈ ఫిల్టర్ నిండా ఇలాంటి గుంటలు కోటానుకోట్లు ఉంటాయి. ఏ నలుసు చూపిస్తే దాని ఆకారానికి మారిపోతాయి. ఇక ఆ నలుసు ఎప్పుడొచ్చినా పట్టుకుని వదలవు."

"ఏది పట్టుకోవాలో దానికెవరు చెప్తారు?"

"నువ్వే. నువ్వు తుమ్మినప్పుడల్లా ఈ చిన్న మైకు వింటుంది. పచ్చ దీపం వెలుగుతుంది. అంతకు రెండు నిమిషాల ముందు గదిలో ఏ నలుసులు తిరిగాయో రాసి పెట్టుకుంటుంది. ప్రతి తుమ్ముకీ ముందు ఎవడు కనిపిస్తే వాడే దొంగ."

సోఫాలో కూర్చుని వత్తులు చేస్తున్న అత్తయ్య తలెత్తింది. "అంటే పిల్ల తుమ్మాలన్నమాట."

"కొన్నాళ్ళు తప్పదు అత్తయ్యా."

"బాగుందమ్మాయ్. మనవరాలి తుమ్ములు నీ మిషనుకి మేతా? చెయ్యి చెయ్యి. నీ పని నువ్వు చెయ్యి, నా పని నేను చేస్తా."

అత్తయ్య పని లక్షవత్తుల నోము. రెండేళ్ళ క్రితం ఆమనికి మొదటిసారి పిల్లికూతలు వచ్చినప్పుడు, పిల్ల ఊపిరి కుదుటపడితే చాలని మొక్కుకుంది. అప్పటినుంచీ పెరట్లోని దేవపత్తి చెట్ల కాయలు కోయడం, గింజలు తీయడం, దూది విడదీయడం, వేళ్ళకు విభూతి అద్దుకుని వత్తులు చేయడం. వంద కాగానే దారంతో కట్ట కట్టేది. లేచి ఒడి దులుపుకుని, రెండు చేతులూ చటచటా తట్టుకుని మళ్ళీ కూర్చునేది. ఎక్స్ఛేంజిలో కాల్స్ రాసుకున్నట్టే నోటు పుస్తకంలో రోజువారీ లెక్క రాసేది. రెండేళ్ళలో డెబ్బై వేలు దాటాయి. పిల్లకు జబ్బు ముదిరిన కొద్దీ ఆవిడ వేళ్ళు ఇంకా చురుగ్గా కదిలేవి. మా ఆయన ప్రభాకర్ రైల్వే గార్డు, వారానికి నాలుగు రోజులు బండిలోనే ఉంటాడు. "నువ్వు ఓవైపు, అమ్మ ఓవైపు పట్టుకున్నారు, జబ్బుకి పారిపోవడానికి దారేది?" అనేవాడు.

పదకొండు రోజులు ముక్కు వింటూ కూర్చుంది. పన్నెండో రోజు దాని గుంటలు ఒక ఆకారానికి బిగుసుకున్నాయి. ఆ రోజు తుమ్ములు తొమ్మిది. మర్నాడు రెండు. ఆ మర్నాడు పచ్చ దీపం వెలగనే లేదు. ఆమని మంచం మీద కాళ్ళు చాపుకుని, వెల్లకిలా, నోరు మూసుకుని నిద్రపోయింది. ఆ నిద్రను నేనూ అత్తయ్యా చెరోవైపు నిలబడి సినిమా చూసినట్టు చూశాం.

పని జరిగింది, బాగానే ఉంది. కానీ ఏమిటది? ఫిల్టర్‌కు ఆకారం తెలుసుగానీ పేరు తెలియదు. నాకేమో పేరు తెలియకపోతే అన్నం సయించదు. ఒక ముక్క కత్తిరించి తీసుకెళ్ళి మైక్రోస్కోపు కింద పెట్టాను. మిరప పొడి కనిపిస్తుందని ఎదురుచూశాను. మిరప ఆనవాళ్ళు లేవు. మెలికలు తిరిగిన రిబ్బను ముక్కల్లాంటివి, సన్నటి పీచులు, వాటికి అంటుకుని బూడిద నలకలు. పీచు దూదిది. తలగడలూ పరుపులూ పిల్లకోసం ఎప్పుడో మార్చేశాం. మరి ఇంత దూది ఎక్కడిది? బూడిద ఎక్కడిది?

ముక్కు దాచుకున్న శబ్దాలు వినడం మొదలుపెట్టాను. తుమ్ముకు ముందు రెండు నిమిషాలు, తుమ్ము, ఆ వెనక "చిరంజీవ". ఒక్కొక్కటీ వింటూ పోయాను. అన్నింటిలోనూ తుమ్ముకు ముందు అత్తయ్య గొంతే. "తొంభై ఎనిమిది... తొంభై తొమ్మిది... నూరు." ఒడి దులుపుతున్న చప్పుడు. చేతులు చటచటా తట్టుకున్న చప్పుడు. నిమిషం గడిచాక ఆమని తుమ్ము. మళ్ళీ అత్తయ్య, "చిరంజీవ, తల్లీ, చిరంజీవ."

హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టాను. పిల్ల ఊపిరి కోసం చేస్తున్న వత్తులే పిల్ల ఊపిరి తీస్తున్నాయి. జబ్బు పెరిగితే వత్తులు పెరిగాయి, వత్తులు పెరిగితే జబ్బు పెరిగింది. మా ఇద్దరిలో ఎవరికీ తెలియలేదు.

ఈ మాట అత్తయ్యకు ఎలా చెప్పను? ఎందుకు చెప్పాలి అని కూడా అనిపించింది. ముక్కు పట్టుకుంటోంది కదా. ఆవిడ వత్తులు ఆవిడ చేసుకుంటుంది, ఫిల్టర్ పని ఫిల్టర్ చేస్తుంది, పిల్ల హాయిగా ఉంటుంది. అది దయే అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. నిజం చెప్పాలంటే అందులో గర్వం పాలు కూడా ఉంది. గదిలో రోజంతా దూది ఎగురుతున్నా పిల్ల తుమ్మడం లేదంటే నా యంత్రానికి ఇంతకంటే యోగ్యతాపత్రం ఏముంటుంది?

నలభై రోజులు ఒక్క తుమ్ము లేదు. బడి తప్ప ఆమనిని ఎక్కడికీ పంపలేదు, ఇంట్లో ఉన్నంతసేపూ ఆ గదిలోనే ఉంచాను. శేషగిరి గారు నా నివేదిక చదివి కుర్చీలోంచి లేచారు. "వేసవికి మార్కెట్లోకి దించేద్దాం ఇందుమతి గారూ! ప్రకటనలో మీ పాప ఫొటోనే వేద్దాం." నేను నవ్వాను. బొమ్మల కుప్పలు రెండూ మళ్ళీ ఒకే పెట్టెలోకి వెళ్ళిపోయాయి.

నలభై ఒకటో రోజు బడి నుంచి వస్తూ ఆమని ఎక్కిన ఆటో ఒక పరుపుల కొట్టు ముందు ఆగింది. ఆ దారి రోజూ వచ్చే దారే, ఈ నలభై రోజుల్లో మాత్రం ఆటో అక్కడ ఆగలేదు. ఆ కొట్లో దూది ఏకుతూ ఉంటారు, రెండేళ్ళుగా అక్కడ ఆటో ఆగినప్పుడల్లా పిల్ల నాలుగు తుమ్ములు తుమ్మి ఊరుకునేదని ఆటో అతను తర్వాత చెప్పాడు. ఆ రోజు ఊరుకోలేదు. పెదాలు నీలంగా మారాయి. ఆటో అతను ఇంటికి కాకుండా నేరుగా ఆసుపత్రికి పోనిచ్చాడు. ఆయన ఆ ఒక్క పని చేయకపోతే ఏమయ్యేదో నేను రాయలేను.

పిల్లకు ఆక్సిజన్ పెట్టి, సూది మందు ఇచ్చి, సాయంత్రానికి గండం గడిచిందన్నాక డాక్టర్ నస్రీన్ గారు నన్ను పక్కకు పిలిచారు. "మీ మిషన్ ఎంత శుభ్రం చేసింది?"

"ఆ నలుసు ఒక్కటి కూడా మిగల్లేదు డాక్టర్ గారూ."

"అదే వచ్చిన చిక్కు. ఇంతకుముందు పాప ఒళ్ళు రోజూ దాన్ని చూస్తూ, తిట్టుకుంటూ ఓర్చుకునేది. నలభై రోజులు అసలు చూడలేదు, ఓర్పు పోయింది. ఇవాళ ఒక్కసారిగా గుప్పెడు చూసింది. ఇక ఆ గది దాటి పాప ఎక్కడికి వెళ్ళినా ఇంతే."

హాస్టల్ తప్పిద్దామని నేను నా పిల్లకు ఒక గది కట్టాను, ఆ గదికి తలుపు పెట్టడం మరిచిపోయాను. ఆసుపత్రి బెంచీ మీద కూర్చుని నన్ను నేను తిట్టుకోని తిట్టు లేదు.

మర్నాడు ఉదయం ఇంటికి వెళ్ళాను. ప్రభాకర్ డ్యూటీ మధ్యలో దిగి ఆసుపత్రిలో పిల్ల దగ్గరున్నాడు. అత్తయ్య సోఫాలో కూర్చుని వత్తులు చేస్తోంది, రోజుకన్నా వేగంగా. నేను ఆవిడ ఎదురుగా కింద కూర్చుని అన్నీ చెప్పాను. మైక్రోస్కోపు సంగతీ చెప్పాను, మైకు సంగతీ చెప్పాను.

ఆవిడ వేళ్ళు ఆగాయి. చేతిలో సగం చేసిన వత్తి అలాగే ఉంది. "నా చేత్తోనా?" అంది.

నేను తలూపాను.

"ఎన్నాళ్ళయింది నీకు తెలిసి?"

"నలభై రోజులు."

"నలభై రోజులు నాతో కూర్చుని అన్నం తిన్నావు. వత్తుల లెక్క ఎంతయిందని అడిగావు కూడా." గొంతు పెంచలేదు. "నేను బాధపడతానని దాచావు గాని, నాకు ఆపే అవకాశం లేకుండా చేశావమ్మాయ్. రెండేళ్ళు తెలీక చేశా. ఈ నలభై రోజులు నువ్వు చేయించావు."

ఆ మాట ఈటెలా దిగింది, దిగాల్సిందే కూడా. ఆవిడ లేచి దూది బుట్టా, విభూతి గిన్నే, కట్టలున్న డబ్బాలూ అన్నీ పెరటి కొట్టులోకి చేర్చి తాళం పెట్టింది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. అంతకంటే నాకు భయం వేసిందేమిటంటే, పక్కింట్లో ఎవరో తుమ్మినా "చిరంజీవ" అనలేదు.

మూడో రోజు కాఫీ గ్లాసు నా ముందు పెట్టి, నోటు పుస్తకం తెరిచి కూర్చుంది. "ఒకటి అడుగుతా, తెలిస్తే చెప్పు. పిల్ల ఎన్ని వత్తులకి తుమ్ముద్ది?"

"అంటే?"

"నూరు చేసి ఒడి దులిపితే తుమ్మింది. పది చేస్తే? ఒక్కటి చేస్తే? ఒక్క వత్తికి కూడా తుమ్ముద్దా? ఇంత మిషను పెట్టావు గదా, లెక్క చూసుకోలేదూ?"

చూసుకోలేదు. పదకొండేళ్ళుగా నలుసును ఎలా ఆపాలా అని ఆలోచించానే తప్ప, ఎంత వదలొచ్చు అని ఒక్కనాడూ ఆలోచించలేదు. కాఫీ అక్కడే వదిలేసి డాక్టర్ గారికి ఫోన్ చేశాను. ఆవిడ చాలాసేపు విని, "ఇంజక్షన్లతో మేం చేసేది అదే. పడని వస్తువునే చుక్క చుక్కగా ఇచ్చి ఒంటికి అలవాటు చేస్తాం. గాలితో అంత కచ్చితంగా కొలిచి ఇవ్వగలరా మీరు?" అన్నారు.

ఇవ్వగలను అనిపించింది. ఫిల్టర్‌ను కాస్త వెచ్చబరిస్తే గుంటలు సడలుతాయి, పట్టుకున్న నలుసుల్లో కొన్ని జారిపోతాయి. ఇంతకాలం దాన్ని లోపం అనుకుని సరిచేస్తూ వచ్చాం. ఇప్పుడు కావలసింది ఒక కొలత. అందుకని అత్తయ్యను ప్రయోగశాలకు తీసుకెళ్ళి, గాలి చొరని గాజు గదిలో పీట వేసి కూర్చోబెట్టాం. బయట నేను నలుసులు లెక్కపెట్టే యంత్రం ముందు కూర్చున్నాను. ఆవిడ ఒక వత్తి చేసి చెయ్యెత్తేది, నేను అంకె రాసేదాన్ని. నాలుగు వందల మూడు. మూడు వందల తొంభై ఎనిమిది. నాలుగు వందల ఒకటి. అరవై వత్తులు చేస్తే అరవైకీ అదే తీరు. పరీక్షల కోసం కొలిచి నింపిన మా ప్రామాణిక ధూళి సీసాలు కూడా ఇంత నిలకడగా ఉండవు. శేషగిరి గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు.

"ఏవండీ, ఎట్టా ఉంది నా చెయ్యి?" అంది అత్తయ్య గాజు వెనకనుంచి. అన్ని రోజుల తర్వాత ఆవిడ మొహంలో వెలుగు చూశాను.

ఆ రోజునుంచి మా ప్రయోగశాలలో కొలతకు 'వత్తి' అనే పేరు స్థిరపడింది. ఒక వత్తి అంటే నాలుగు వందల నలుసులు. శేషగిరి గారు మాత్రం వేసవి అమ్మకాలు పోయాయని కుమిలిపోయారు. "జనం ఏసీ కొనేది శుభ్రమైన గాలి కోసమండీ. మీరేమో కొలిచి దుమ్ము పెడతానంటున్నారు. ఎవరు కొంటారు?" నేను పాత నివేదిక వెనక్కి తీసుకున్నాను. దాని స్థానంలో ఆమనికి జరిగినదంతా రాసి, ఈ ఫిల్టర్ ఇలాగే ఏ ఇంటికీ వెళ్ళకూడదని కింద సంతకం పెట్టాను. ఆయన రెండు రోజులు బిగుసుకుని, మూడో రోజు తనూ సంతకం చేశారు.

ఏప్రిల్ మొదట్లో డాక్టర్ గారి ఎదుట, ఆసుపత్రిలోనే మొదటి వత్తి. ముక్కు పక్కనే ఉంది, వెచ్చబడ్డ గుంటలు ఆ ఒక్క వత్తి నలుసుల్ని వదులుతాయి, లెక్క దాటితే వెంటనే పట్టేస్తాయి. అత్తయ్య పెరటి కొట్టు తాళం తీసి తెచ్చిన దూదితో, ఆమని పక్కన కూర్చుని ఒక్కటి చేసింది. పిల్ల ముక్కు నలుపుకుంది, అంతే. రెండో రోజు రెండు, మూడో రోజు మూడు. ఆసుపత్రిలో పది రోజులు సవ్యంగా గడిచాక ఇంటికి పంపారు.

అత్తయ్య ఆ సాయంత్రమే లెక్క కట్టింది. "కొట్టుకి తాళం పెట్టేనాటికి చేసినవి డెబ్బై రెండు వేల ముప్ఫై నాలుగు. ఆసుపత్రిలో మొదటి వత్తి నుంచి రోజుకొకటి పెంచుకుంటా పోతే, రెండు వందల ముప్ఫై ఆరో రోజుకి లక్ష నిండుద్ది. ఒక్కటి ఎక్కువా కాదు, తక్కువా కాదు. చూసుకో కావాలంటే." నేను కాలిక్యులేటర్ తీసి చూసుకున్నాను. సరిగ్గా అంతే.

లెక్క కుదిరినంత తేలిగ్గా ఒళ్ళు కుదరలేదు. అరవై ఒకటో రోజు ఆమనికి మళ్ళీ పిల్లికూతలు వచ్చాయి, డాక్టర్ గారు యాభైకి దిగమన్నారు. వానాకాలంలో జ్వరం వచ్చి ఇంకోసారి వెనక్కి వెళ్ళాం. వెనక్కి వెళ్ళినప్పుడు మళ్ళీ చేసిన వత్తులను అత్తయ్య లెక్కలో వేయలేదు. అవి దేవుడివి కావట, మందువట. వేరే డబ్బాలో పోసింది. లక్ష వత్తులూ వెలిగించాల్సిన కార్తీకం దాటిపోయింది. నోము వచ్చే ఏడాదికి వాయిదా వేసుకుంటున్నానని దేవుడి పటం ముందు నిలబడి, పాత ఆఫీసులో ట్రంక్ కాల్ ఆలస్యానికి చెప్పినట్టు, మర్యాదగా చెప్పుకుంది. నన్ను క్షమించానని మాత్రం ఎప్పుడూ అనలేదు. ఒకరోజు నా అన్నంలో మునుపటిలా నెయ్యి ఎక్కువ వేసింది, నేను అర్థం చేసుకున్నాను.

డిసెంబరు మధ్యలో, ఒక ఆదివారం మధ్యాహ్నం ఆఖరి రోజు వచ్చింది. డాక్టర్ నస్రీన్ గారు స్వయంగా ఇంటికొచ్చి మందుల సంచి పక్కన పెట్టుకుని కూర్చున్నారు. ఈ రోజు గడిస్తే ఇక వారానికి ఒకసారి వత్తులు చేస్తే చాలని, అయితే అది ఏళ్ళ తరబడి ఆపకూడదని చెప్పారు. ఆ మాట వినగానే అత్తయ్య తన వేళ్ళు చూసుకుంది. ఆ వేళ్ళు ఇప్పుడు వణుకుతున్నాయి, ఈమధ్య ఒక వత్తి చేయడానికి మునుపు మూడు చేసేంత సేపు పడుతోంది.

రెండు వందల ముప్ఫై అయిదు ఆవిడే చేసింది. తర్వాత దూది తీసి ఆమని అరచేతిలో పెట్టింది. "ఇది నువ్వు చెయ్యి, తల్లీ."

"నేనా? నాకు రాదు నానమ్మా."

"నేర్చుకో. నేనెన్నాళ్ళు చేసి పెడతా నీకు?"

డాక్టర్ గారి వైపు చూశాను. ఆవిడ తలూపారు. నేను రిమోట్ తీసి ముక్కును ఆపేశాను. గాలి ఆగింది, మైకు మాత్రం వింటోంది. గదిలో తేలుతున్న దూదికి, నా కూతురి ఊపిరికి మధ్య ఇప్పుడేమీ లేదు.

ఆమని వేళ్ళకు విభూతి అద్దుకుంది. నాలుక కొంచెం బయటపెట్టి, దూదిని సాగదీసి, తిప్పింది. ఒకవైపు లావుగా, ఒకవైపు సన్నగా వంకరటింకర వత్తి వచ్చింది. అత్తయ్య దాన్ని అందుకుని, చివరి కట్టలో పెట్టి, దారం చుట్టి, పుస్తకంలో లక్ష అని రాసింది. ఆమని లేచి నిలబడింది. మూడేళ్ళుగా చూసి చూసి వచ్చిన అలవాటేమో, నానమ్మలాగే గౌను అంచు పట్టుకుని ఒడి దులిపింది. రెండు చేతులూ చటచటా తట్టుకుంది.

కిటికీలోంచి పడుతున్న ఎండలో దూది నలుసులు పైకి లేచాయి. అవి దాని మొహం చుట్టూ తిరగడం నాకు కనిపిస్తూనే ఉంది. ఒక నిమిషం గడిచింది. రెండో నిమిషం గడిచింది. పచ్చ దీపం వెలగలేదు.

"ఏంటి అందరూ నన్నే చూస్తున్నారు?" అంది ఆమని.

ఎవరూ తుమ్మలేదు. అయినా అత్తయ్య రెండు చేతులూ దాని తల మీద పెట్టి, "చిరంజీవ," అంది.